పనినుండి పంపివేయు దినము



ఉగాది సమీపించునప్పుడు పాలేర్ల జీతములు మాట్లాడుకొనుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చిన వాడుక. అట్టి దినములలో ఒక సాయంకాలమున ఒక రైతు అరుగుమీద కూర్చుండి, ఇరువది సంవత్సరములు తన యింట పనిచేసిన పాలేరును పిలిచి యిట్లు చెప్పెననుకొనుడి: "ట్రాక్టరు కొన్నాము గదరా. కోతకు మిషను వస్తున్నది. ఎడ్లను కూడా అమ్మేశాము. వచ్చే ఏడు నీతో పని ఉండదు." పాలేరు "అట్లాగే అయ్యా" అని, భుజముమీది తువ్వాలు సవరించుకొని, పశువులు లేని కొట్టమువైపు ఒకసారి చూచి వెళ్లిపోయెను.

ఈ రైతు అన్యాయస్థుడు కాడు. ఆ ఏటి జీతము గింజ తక్కువ కాకుండ కొలిచి యిచ్చెను. ట్రాక్టరు కొనుట పాపము కాదు. అయినను ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. లెక్క తీరినది గాని ఋణము తీరలేదని అతని మనస్సాక్షి చెప్పుచుండెను. లెక్క వేరు, ఋణము వేరు. ఈ రెంటికి మధ్యనున్న దూరమును గూర్చియే ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను.

పల్లెలో ఒక అరుగుమీద జరిగిన యీ పనియే లోకములోని గొప్ప కంపెనీలలో వేలమంది విషయమై ఒక్క దినమున జరుగుచున్నది. మన పల్లెలకు దీనితో ఏమి సంబంధమని తలంచవద్దు. పొలము అమ్మి, నగలు కుదువబెట్టి చదివించిన మన బిడ్డలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఆ కంపెనీలలోనే పని చేయుచున్నారు. 2022 నవంబరులో మెటా కంపెనీ 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసివేయుదుమని ప్రకటించినవి. 2025 జూలైలో మన దేశపు టి.సి.యస్. కంపెనీ సుమారు 12,000 మందిని తగ్గింతుమని చెప్పెను. హెచ్-1బి వీసామీద అమెరికాలో నున్నవాని పని పోయినయెడల 60 దినములలోగా వేరొక కంపెనీ అతని తరపున దరఖాస్తు పెట్టవలెను, లేదా వేరే వీసాకు మారవలెను. కానిచో దేశము విడువవలెను. ఆ 60 దినములలో ఎందరు కుమారులు ఇంటికి ఫోను చేసి, "అంతా బాగానే ఉన్నదమ్మా" అని చెప్పి, పిమ్మట ఒంటరిగా కూర్చుండి యుందురో ఎవరికి తెలియును?

కాబట్టి ఈ ప్రశ్న మనదే. పని తగ్గినప్పుడు మనుష్యులను పంపివేయుట న్యాయమా? పంపక తప్పనియెడల ఎట్లు పంపవలెను? అట్లు న్యాయముగా నడచుకొన్న కంపెనీ నష్టపడునా, బాగుపడునా?

ఈ ప్రశ్నకు రెండు సులువైన జవాబులు కలవు. ఒకటి, "ఎన్నడును ఎవరినీ తీసివేయరాదు" అనునది. ఇది వినుటకు దయగానున్నది. అయితే పడవలో నీరు చేరుచుండగా చూచుచు ఊరకున్న సరంగు దయగలవాడు కాడు. అతడు అందరిని కలిపి ముంచును. రెండవది, "వ్యాపారము వ్యాపారమే, ధర్మసత్రము కాదు" అనునది. ఇది వినుటకు తెలివిగానున్నది. అయితే ఈ తెలివి ఎంతవరకు లాభము తెచ్చినదో అనుభవమువలన చూడవలసి యున్నది. ఒకే కంపెనీ ఒకసారి ఒక విధముగాను, మూడు సంవత్సరముల పిమ్మట మరియొక విధముగాను తన పనివారిని పంపివేసిన వృత్తాంతము ఒకటి కలదు. దానిని మీకు చెప్పెదను.

మన పల్లెలలో మొదట వచ్చిన సెల్‌ఫోనులలో అనేకము నోకియా అను పేరుతో నుండెడివని మీకు జ్ఞాపకముండవచ్చును. ఇది ఫిన్లాండు దేశపు కంపెనీ. జర్మనీ దేశములో బోఖుమ్ అను పట్టణమున దానికి ఒక ఫ్యాక్టరీ యుండెను. 2007వ సంవత్సరమున ఈ కంపెనీకి సుమారు 720 కోట్ల యూరోల లాభము వచ్చెను. అయినను 2008 జనవరిలో, జర్మనీలో ఖర్చు ఎక్కువగుచున్నదను కారణముచేత, ఆ ఫ్యాక్టరీని మూసి, పనిని రుమేనియా దేశమునకు మార్చెదమని ప్రకటించెను. 2,300 మందికి పని పోవునని తెలిసినది. ముందుగా ఒక మాటయైనను చెప్పలేదని పనివారు మండిపడిరి. ఒక వారములోనే సుమారు 15,000 మంది వీధులలో ఊరేగింపుగా నడచిరి. ఒక మంత్రి సహితము ఆ కంపెనీ ఫోనును విసర్జించెను. తామిచ్చిన సహాయధనమును తిరిగి యిమ్మని ప్రభుత్వమువారు అడిగిరి. ఆ మూసివేతకు కంపెనీకి 20 కోట్ల యూరోల ఖర్చు తగిలెను. అనగా పంపబడిన ఒక్కొక్క మనిషికి 80,000 యూరోలకు పైగా. దేశస్థులు కోపముతో ఆ ఫోనులు కొనుట మానినందున తరువాతి రెండు సంవత్సరములలో 70 కోట్ల యూరోల అమ్మకము పోయినదని కంపెనీవారే అంచనా వేసిరి. ఇంత చేసి పని తరలించిన ఆ రుమేనియా ఫ్యాక్టరీని 2011లో మూసివేయుదుమని మరల ప్రకటించిరి.

2011 నాటికి కంపెనీ స్థితి మారిపోయెను. కొత్త రకపు ఫోనులు వచ్చి దాని వ్యాపారమును దెబ్బతీసినవి. ఈసారి 13 దేశములలో 18,000 మందిని పంపక తప్పని పరిస్థితి ఏర్పడెను. అయితే కంపెనీ పెద్దలు బోఖుమ్ సంగతిని మరువలేదు. అట్టిది మరల జరుగరాదని నిశ్చయించుకొని, "వంతెన" అని అర్థమిచ్చు పేరుతో ఒక ఏర్పాటు చేసిరి. పని పోవు దినమునకు చాల నెలల ముందే పనివారికి తెలియజేసిరి. ఒక్కొక్కని యెదుట ఐదు మార్గములుంచిరి. కంపెనీలోనే వేరొక పని వెదకికొనుట, బయట పని వెదకికొనుట, స్వంత వ్యాపారము పెట్టుకొనుట, కొత్త విద్య నేర్చుకొనుట, లేదా తనకు తోచిన మరియొక మేలైన పని చేయుట. వ్యాపారము పెట్టదలచినవారికి 25,000 యూరోలవరకు సహాయమిచ్చి, దారి చూపువారిని కూడ ఏర్పరచిరి. ఈ ఏర్పాటువలన సుమారు 1,000 కొత్త వ్యాపారములు పుట్టినవి. పని విడిచిన దినమున పదిమందిలో ఆరుగురికి తమ తరువాతి అడుగు ఏదో ముందే తెలిసియుండెను.

ఇప్పుడు లెక్క చూడుడి. ఈ ఏర్పాటుకు అయిన ఖర్చు 5 కోట్ల యూరోలు; తలకు సుమారు 2,800 యూరోలు. ఆ సంవత్సరములలో కంపెనీని తిరిగి దిద్దుకొనుటకు పెట్టిన 135 కోట్లలో ఇది నూటికి నాలుగు పాళ్లు మాత్రమే. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరియొకటి కలదు. మూసివేయబడునని, తగ్గింపబడునని ముందుగానే తెలిసిన ఆ స్థలములలోని పనివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పని నాణ్యము తగ్గలేదు. కంపెనీ కొత్త సరుకుల అమ్మకములో మూడవ వంతు, అనగా 340 కోట్ల యూరోలు, ఆ స్థలములనుండియే వచ్చెను. తగ్గింపునకు ముందు ఎంత పాలు వచ్చెడిదో అంతే వచ్చెను. ఈసారి వీధులలో ఊరేగింపులు లేవు.

ప్రియ చదువరీ, ఈ రెండు వీడ్కోళ్లను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుము. మొదట పంపినది లాభములో నున్నప్పుడు, మాట దాచి. రెండవమారు పంపినది కష్టములో నున్నప్పుడు, మాట ముందుగా చెప్పి. లాభములో నుండి మాట దాచినప్పుడే ఎక్కువ నష్టము వచ్చినది.

ఇట్లేల జరుగును? కాగితముమీద లెక్క చాల సులువు. నూరుమంది జీతము తీసివేసిన ఆ సొమ్ము మిగులును. కాని మనిషి జీతముతో పాటు మరి కొన్ని కూడ వెళ్లిపోవును. ఏ యంత్రము ఎప్పుడు మొరాయించునో తెలిసిన అనుభవము వెళ్లును. కొనువారి ముఖములను, వారి అవసరములను ఎరిగిన జ్ఞాపకము వెళ్లును. మిగిలినవారి మనస్సులోని ధైర్యము వెళ్లును. రేపు ఎవరి వంతోయని భయపడువాడు పనిమీద దృష్టి నిలుపలేడు. కొత్త ఆలోచన చెప్పుటకు సాహసింపడు. వారిలో సమర్థులైనవారు వేరొకచోట పని దొరుకునుగాన, ఎవరు పొమ్మనకమునుపే వెళ్లిపోవుదురు. మంచె మీదినుండి ఒక రాయి విసరిన యెడల తగులునది ఒక పక్షికే గాని చెట్టు మీదివన్నియు ఎగిరిపోవును గదా!

అమెరికాలో సర్క్యూట్ సిటీ అను గొప్ప దుకాణముల కంపెనీ యుండెను. 2007 మార్చిలో వారు తమ దుకాణములలో ఎక్కువ జీతము తీసికొను 3,400 మంది అమ్మకపువారిని ఒక్కసారిగా తీసివేసి, తక్కువ జీతమునకు కొత్తవారిని పెట్టుకొందుమనిరి. ఆ 3,400 మంది ఎక్కువ జీతగాండ్రు మాత్రమే కారు, సరుకును ఎరిగినవారు. 2008 నవంబరులో ఆ కంపెనీ దివాలా కాగితములు దాఖలు చేసెను. 2009లో దుకాణములన్నియు మూతపడినవి. ఇతర కారణములు కూడ నుండెను గాని, ఈ పని దానికి మేలు చేయలేదు. అట్లే సన్‌బీమ్ అను కంపెనీకి 1996లో ఆల్బర్ట్ డన్‌లప్ అను అధికారి వచ్చి, 12,000 మంది పనివారిలో సగముమందిని తగ్గింతునని ప్రకటించెను. వాటాల వెల పైకి లేచెను. లోకము అతని శౌర్యమును మెచ్చుకొనెను. 1998లో కంపెనీవారే అతనిని తీసివేసిరి. లెక్కలలో మోసము జరిగినదని అక్కడి ప్రభుత్వ సంస్థ అతనిమీద అభియోగము తెచ్చెను. 2001లో ఆ కంపెనీ దివాలా తీసెను.

ఇవి ఒకటి రెండు ఉదాహరణములు మాత్రమే అనవచ్చును. వేన్ కాషియో అను ఆచార్యుడు అమెరికాలోని గొప్ప కంపెనీల లెక్కలను 1982 మొదలుకొని 2000 వరకు పరిశీలించి ఒక గ్రంథము వ్రాసెను. పనివారిని తగ్గించుటవలననే లాభము నిలుకడగా పెరుగునని చూపు సాక్ష్యము అతనికి కనబడలేదు. తగ్గించినవారికంటె నిలుపుకొన్నవారు వెనుకబడియుండలేదు. మనిషిని ఖర్చుగా మాత్రమే చూచువాడు లెక్కను కూడ సరిగా చూడలేడని దీనివలన తెలియుచున్నది.

పంపివేయకముందు చేయదగిన పనులు కూడ కొన్ని కలవు. మొదటిది, కోత పైనుండి ప్రారంభించుట. 1982లో అమెరికాలో ఉక్కు వ్యాపారము మిక్కిలి క్షీణించినప్పుడు న్యూకార్ అను కంపెనీ పనివారిని తీసివేయక, వారములో పని దినములను తగ్గించెను. అయితే పనివారి సంపాదన తగ్గినదానికంటె మేనేజర్ల సంపాదన ఎక్కువ తగ్గెను. అందరికంటె పైనున్న కెన్ ఐవర్సన్ సంపాదన అందరికంటె ఎక్కువ తగ్గి, ముందు సంవత్సరము వచ్చిన దానిలో నాలుగవ వంతునకు వచ్చెను. గంజి పలుచనైనప్పుడు ఇంటి యజమానుని గిన్నెలోను పలుచనిదే పోసిన యెడల ఆ యింట గొణుగుడు వినబడదు.

రెండవది, భారము పంచుకొనుట. 2009లో బారీ-వేమిల్లర్ అను కంపెనీకి పని హఠాత్తుగా తగ్గిపోయినప్పుడు, దాని అధికారి బాబ్ చాప్మన్ ఎవరినీ తీసివేయక, తానును కలిపి అందరును నాలుగు వారములు జీతము లేని సెలవు తీసికొనవలెనని ఏర్పాటు చేసెను. అప్పుడు ఎవరును చెప్పకయే ఒక సంగతి జరిగెను. కొంచెము కలిగినవారు, ఇబ్బందిలోనున్న తోటివారి వారములను తమమీద వేసికొని, తాము ఎక్కువ దినములు సెలవు తీసికొనిరి. భయము మనుష్యులను విడదీయును. న్యాయము వారిని దగ్గరకు చేర్చును.

మూడవది, మంచి దినములలోనే చెడు దినముల మాట ఇచ్చుట. క్లీవ్‌లాండ్ నగరములో వెల్డింగు సామాను చేయు లింకన్ ఎలక్ట్రిక్ అను కంపెనీ కలదు. దీనిని 1895లో స్థాపించిన జాన్ లింకనును, తరువాత చాలకాలము నడిపించిన అతని సహోదరుడు జేమ్సును ఒక సంఘ బోధకుని కుమారులు. 1958లో ఈ కంపెనీ, కొన్ని సంవత్సరములు పనిచేసినవానికి వారమునకు కనీసము 30 గంటల పని తప్పక కల్పింతుమని వ్రాతపూర్వకముగా మాట యిచ్చెను. పనివారును ఏ పని చెప్పిన ఆ పనికి మారుటకు, అవసరమైనప్పుడు ఎక్కువ గంటలు పనిచేయుటకు ఒప్పుకొనిరి. 1980ల మొదట గొప్ప మాంద్యము వచ్చినప్పుడు ఫ్యాక్టరీ పనివారు సుమారు యాబదిమంది స్వచ్ఛందముగా బయలుదేరి, ఊరూర తిరిగి యంత్రములను అమ్మి, కంపెనీకి కొత్త బేరములు తెచ్చిరి. తమ్మును విడువని కంపెనీని వారును విడువలేదు.

ఇంతవరకు చదివి, "అయితే ధర్మముగా నడచుట లాభసాటియన్నమాట" అని మీరు తలంచి యుండవచ్చును. ఇక్కడనే నేను మిమ్మును ఆపవలసి యున్నది. ఏలయనగా ధర్మము ఎల్లప్పుడును లాభసాటి కాదు.

మసాచుసెట్స్ రాష్ట్రములో మాల్డెన్ మిల్స్ అను బట్టల మిల్లు ఉండెను. 1995 డిసెంబరు 11వ తేదీ రాత్రి అది కాలిపోయెను. యజమానుడైన ఆరన్ ఫ్యూర్‌స్టీన్‌కు ఆ దినమునకే 70 సంవత్సరములు నిండినవి. బీమా సొమ్ము తీసికొని ఇంట కూర్చుండవచ్చును. లేదా కూలి తక్కువగానున్న వేరొక దేశమున మిల్లు కట్టవచ్చును. అతడు యూదుడు, తన పితరుల ధర్మశాస్త్రమును ప్రేమించినవాడు. ఇక్కడనే తిరిగి కట్టెదనని చెప్పి, పని లేకపోయినను తన పనివారికి నెలల తరబడి జీతము లిచ్చెను. అందుకు కోటికి మించిన డాలర్లు ఖర్చయ్యెను. దేశమంతయు అతనిని కొనియాడెను. అయితే తిరిగి కట్టుటకు చేసిన అప్పు పెరిగి, తక్కువ వెల సరుకుల పోటీ వచ్చి, 2001 నవంబరులో ఆ కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లెను. తరువాత అది అతని చేతిలోనుండి జారిపోయెను. అతడు 2021లో 95 సంవత్సరముల వయస్సున మరణించెను. తాను చేసినదానికి అతడు పశ్చాత్తాపపడలేదు. మరల అట్టి సమయము వచ్చినను అదే చేయుదునని చెప్పెను.

ఇప్పుడు చెప్పుడి, ఈ మనిషి ఓడిపోయెనా? లాభమే ధర్మమునకు కొలత అయినయెడల ఓడిపోయెను. నోకియా ఫోనుల వ్యాపారము కూడ, పనివారిని అంత మర్యాదగా పంపినను, 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయెను. మర్యాదగా పంపుట మునుగుచున్న వ్యాపారమును తేల్చు మంత్రము కాదు. లాభము వచ్చునని మాత్రమే మర్యాద చూపువాడు, లాభము కనబడని దినమున ఆ మర్యాదను మానివేయును. కాబట్టి మనకు ఇంకొక ఆధారము కావలెను.

మోషే ధర్మశాస్త్రములో దాసుని విడుదలను గూర్చిన ఆజ్ఞ ఒకటి కలదు. ఆరు సంవత్సరములు సేవ చేసినవానిని ఏడవ సంవత్సరమున విడువవలెను. విడుచుట మాత్రమే చాలదు. గొఱ్ఱెలలోనుండి, కళ్లములోని ధాన్యములోనుండి, గానుగలోని రసములోనుండి యజమానుడు అతనికి కొంత యిచ్చి పంపవలెను. ఏలయనగా ఆ మంద పెరిగినది అతని కావలిచేత; ఆ ధాన్యము కళ్లమునకు చేరినది అతని చేతులమీదుగా. ఈ ఆజ్ఞకు అక్కడ చెప్పబడిన కారణమును గమనింపుడి. ఇట్లు చేసిన లాభము వచ్చునని అక్కడ మొదట చెప్పలేదు. నీవును ఒకప్పుడు ఐగుప్తులో దాసుడవే, ఆ సంగతి జ్ఞాపకము చేసికొనుమని చెప్పబడెను. జ్ఞాపకమే ఆధారము. తాను ఒకప్పుడు ఇతరుల చేతిక్రింద నుండినవాడనని మరచినవాడు, తన చేతిక్రింద నున్నవానిని అంకెగా చూచును.

మన దేశపు చట్టము కూడ ఈ ఋణమును కొంతవరకు ఒప్పుకొన్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, సంవత్సరము నిండిన పనివానిని తగ్గింపవలసివచ్చిన ఒక నెల నోటీసు గాని, దానికి బదులు జీతము గాని ఇయ్యవలసి యుండెను. పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల జీతము లెక్కగట్టి ఇయ్యవలసి యుండెను. మరల మనుష్యులు కావలసివచ్చిన ముందుగా వారినే పిలువవలసి యుండెను. 2020లో పార్లమెంటు చేసిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలో, పని పోయినవాడు కొత్త పని నేర్చుకొనుటకు మరి 15 దినముల జీతమును యజమానుడు జమచేయవలెనని చేర్చిరి. మంచిదే. అయితే ఈ చట్టము ఫ్యాక్టరీ గేటు దాటి మన పొలము గట్టు వరకు రాదు. అక్కడ మనస్సాక్షియే చట్టము.

ఇతరులను గూర్చి ఇంత వ్రాసి నన్ను గూర్చి చెప్పకుండుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న ఆస్పత్రి పాలకవర్గములో నేను సభ్యుడనై యుంటిని. బయటనుండి వచ్చు సహాయము తగ్గిపోయినందున తొమ్మిదిమంది చిన్న పనివారిని తీసివేయవలెనని తీర్మానము వచ్చెను. వంటవారు, ఊడ్చువారు, దుప్పట్లు ఉతుకువాడు వారిలో నుండిరి. నేనును చేయి ఎత్తితిని. శనివారము సాయంకాలము గుమాస్తా వారి చేతికి కాగితములిచ్చెను. మాలో ఒక్కరమును వారి యిండ్లకు వెళ్లలేదు. మా ప్రయాణ భత్యములు తగ్గించుకొందమను మాట ఎవరి నోటను రాలేదు. మరునాడు ఆరాధనలో ఆ వంటమ్మ నా కెదురుగా చాపమీద కూర్చుండి యుండెను. ఆమె నన్ను చూచి, ఎప్పటివలెనే "వందనాలయ్యా" అనెను. నేను తల ఎత్తలేకపోతిని.

ఆ యేడు లెక్కలలో కొంత సొమ్ము మిగిలినది. కాని ఏ రోగికి ఉప్పు తగ్గింపవలెనో, ఏ బాలింతకు ఏమి పెట్టవలెనో ఆ వంటమ్మకు తెలిసినట్లు కొత్త కాంట్రాక్టు మనుష్యులకు తెలియలేదు. దుప్పట్లు మాసియుండెను. మంచి నర్సులు ఇద్దరు, తమ వంతు రాకమునుపే, పట్టణమునకు వెళ్లిపోయిరి. రోగులు తగ్గిరి. సొమ్ము నిజముగా లేకపోవుట మా తప్పు కాదు. బహుశః కొందరిని పంపక తప్పకపోయి యుండును. కాని ఆరు నెలల ముందే వారిని పిలిచి, లెక్కపుస్తకము వారి యెదుట తెరచి, "మన స్థితి ఇది, ఏమి చేయుదము?" అని అడుగకపోవుట మా తప్పు. తీర్మానము మేము చేసి, కాగితము గుమాస్తాచేత ఇప్పించుట మా పిరికితనము.

కాబట్టి సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరికైనను ఒకరిని పనినుండి పంపవలసిన దినము వచ్చును. అది పాలేరు కావచ్చును, ఇంటిలో అంట్లు తోము స్త్రీ కావచ్చును, సంఘ పాఠశాలలోని పంతులు కావచ్చును, దుకాణములోని కుఱ్ఱవాడు కావచ్చును. ఆ దినమున మీరు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. నా ఖర్చులో మొదట ఏమి తగ్గించితిని? పనిని పంచి, కూలిని పంచి, ఇతనిని నిలుపుకొను మార్గము వెదకితినా? ఇతడు వేరొక దారి చూచుకొనుటకు చాలినంత ముందుగా, నా నోటితో నేనే చెప్పితినా? ఇతని చేతులలో ఏమి పెట్టి పంపుచున్నాను? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలవాడు పంపినను పాపి కాడు. చెప్పలేనివాడు చట్టప్రకారము పైసలతో సహా చెల్లించినను ఋణస్థుడే.

పని పోయినవారికి కూడ ఒక మాట. మీ పని పోయినది గాని మీ విలువ పోలేదు. సంగతి ఇంట దాచవద్దు. దినమంతయు సంతలో నిలువబడినవాడు సోమరియైనందున కాదు, ఎవరును పిలువనందున నిలిచెనని, ద్రాక్షతోట యజమానుని ఉపమానములో ప్రభువే చూపెను గదా. ఆ యజమానుడు సాయంకాలమున కూడ బయటికి వెళ్లి అట్టివారిని వెదకెను. మన సంఘములును అట్లే వెదకవలెను. పట్టణమునుండి తిరిగివచ్చిన కుఱ్ఱవానిని చూచి "ఉద్యోగము ఊడిందట" అని గుసగుసలాడక, అతని యింటికి వెళ్లి కూర్చుండి, ఏ పని చేయగలడో అడిగి, తెలిసినవారికి చెప్పి పెట్టవలెను. అదియు ఒక వంతెనయే.

మొదట చెప్పిన రైతును మరచితిరా? నిద్ర పట్టని ఆ రాత్రి గడిచి తెల్లవారినది. అతడు లేచి ఏమి చేయవలెనని మీరు తలంచుచున్నారు? పాలేరును తిరిగి పెట్టుకొనుటకు ఎడ్లు లేవు. అయితే పాలేరు కుమారునికి ట్రాక్టరు నడుపుట నేర్పింపవచ్చును. అమ్మిన ఎడ్ల సొమ్ములో కొంత తీసి ఒక పాడిగేదెను కొని తోలించవచ్చును. గట్టు ప్రక్కనున్న అర ఎకరము కౌలు లేకుండ రెండేండ్లు చేసికొమ్మనవచ్చును. ఇవేవియు చేయలేని పేద రైతైనను, పాలేరును అరుగు వద్దకు పిలిపించుటకు బదులు, తానే నడచి అతని గుడిసెకు వెళ్లి, "ఇరువది ఏండ్లు నా యిల్లు నిలబెట్టితివి" అని చెప్పవచ్చును.

ఆ గుడిసె ఎంతో దూరములో లేదు. మీ యింటినుండి ఎవరి గుడిసెకు మీరు నడువవలసి యున్నదో మీరే ఎరుగుదురు.